బతికున్న మనిషికి దినం

చచ్చిపోయిన మనిషి వంటింట్లో కూర్చుని కోడి సూపు తాగుతోంది.

ఇది రెండో గిన్నె. మొదటిది మాత్రోనా పిన్ని అడక్కుండానే పోసింది. రెండోది ఆ మనిషే అడిగి పోయించుకుంది. కోటు విప్పలేదు. కాళ్ళ దగ్గర రెండు గళ్ళ సంచులున్నాయి. ఒకదానికి జిప్పు తెగిపోతే తాడుతో బిగించి కట్టారు. ఇటలీ నుంచి ముప్పై గంటలు మినీబస్సులో కూర్చుని వచ్చిన వాళ్ళ ముఖం ఎలా ఉంటుందో ఆ ముఖమూ అలాగే ఉంది.

జీనా గుమ్మంలోనే నిలబడిపోయింది. పన్నెండేళ్ళుగా ఈ మిషన్ ఇంటిని నడుపుతున్నది ఆమే. దిక్కులేని ఆడపిల్లల్ని చేరదీసి, రెండేళ్ళు ఉంచుకుని, కుట్టుపని నేర్పి పంపే ఇల్లు ఇది. ఇక్కడ ఆమె చూడని గొడవంటూ లేదు. తాగొచ్చిన తండ్రుల్ని చూసింది. పిల్లలకు టర్కీలో హోటలు పని ఇప్పిస్తామని తేనె మాటలు చెప్పే పెద్దమనుషుల్ని చూసింది. అందర్నీ గేటు దగ్గరే నిలబెట్టి పంపించేసింది. చనిపోయిన తల్లి నడిచి రావడం మాత్రం ఇదే మొదటిసారి.

"ఒలేసియాకి తల్లి లేదు కదండీ," అంది జీనా. అనేశాక గానీ ఆ మాట ఎంత అధ్వాన్నంగా ఉందో తెలియలేదు.

ఆవిడ చెంచా కింద పెట్టింది. "లేకపోవడమేంటి? నేనే. రైసాని. కావాలంటే పాస్‌పోర్టు చూపిస్తాను."

"అది కాదండీ. ఒలేసియా చెప్పింది..."

"ఏమని చెప్పింది?"

పొయ్యి దగ్గర మాత్రోనా పిన్ని గరిటె తిప్పడం ఆపింది. ఆవిడ పక్కింటావిడ. వీళ్ళ సంఘం మనిషి కాదు, కొండ మీద కొవ్వొత్తులు వెలిగించే పాత చర్చికి వెళ్ళే మనిషి. పన్నెండేళ్ళుగా ఈ వంటిల్లు మాత్రం ఆవిడదే.

"చచ్చిపోయానని చెప్పిందా?" అని అడిగింది రైసా.

"మీ దినం అయిందని చెప్పింది," అంది జీనా నెమ్మదిగా. "కూడికలో సాక్ష్యానికి లేచి అందరి ముందూ చెప్పింది. తనకి పదకొండేళ్ళప్పుడు వాకిట్లో బల్లలు వేశారని, ఊరంతా భోజనాలకి వచ్చారని. తనే రొట్టెలూ కప్పులూ కొవ్వొత్తులూ పంచానని. మా అమ్మ దినం నేనే పంచాను అని ఏడ్చింది."

"అయింది," అంది రైసా. "నిజమే. నా దినం నేనే పెట్టుకున్నాను."

మాత్రోనా పిన్ని స్టూలు లాక్కుని కూలబడింది. నవ్వుతోందో దగ్గుతోందో కాసేపు తెలియలేదు.

"ఓసి నా పిచ్చి జీనా," అంది. "బతికున్న దినమే అది. మా అత్త మూడుసార్లు పెట్టుకుంది. మూడోసారికి ఊళ్ళోవాళ్ళు, ఈవిడ ఎప్పుడు పోతుందో ఏమో, మాకు పనులున్నాయి అని రావడమే మానేశారు. నన్నొక్క ముక్క అడిగితే చెప్పేదాన్ని కదే."

"బతికుండగా ఎందుకు పెట్టుకుంటారు?"

"తర్వాత పెట్టేవాళ్ళు ఉంటారన్న నమ్మకం లేక," అంది రైసా. "అప్పుడు నేను కాగితాల్లేకుండా బయల్దేరాను అక్కగారూ. ట్రక్కులో సామాన్ల వెనక దాక్కుని. దారిలో పోతే ఏ దేశంలో ఏ గుంటలో పడేస్తారో ఏం తెలుసు? నా పేరు చెప్పి ఎవరైనా ఒక రొట్టె ముక్క ఇస్తారా? ఇంట్లో మిగిలేది మా అమ్మా, చిన్నపిల్లా. వాళ్ళెక్కడ పెడతారు? అందుకని ఉన్నప్పుడే పెట్టేసుకుని వెళ్ళాను. మా ఊళ్ళో చాలామంది అలాగే చేసి వెళ్ళారు."

జీనా కుర్చీలో కూర్చుంది. ఆమె తాత కాలం నుంచీ బాప్తిస్టులు. వాళ్ళకు దినాల్లేవు, కొవ్వొత్తుల్లేవు. చిన్నప్పుడు వీధిలో ఎవరైనా పోతే, పక్కింటివాళ్ళు పంచే తీపిరొట్టె తీసుకోకూడదని తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయేది. దినమంటే పోయినవాళ్ళకు పెట్టేదని మాత్రమే ఆమెకు తెలుసు. అంతకుమించి తెలుసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

అయినా తప్పు ఆమెదే. చంక కుట్టులో పోచంత తేడా వస్తే కోటు మొత్తం ఊడదీయించే మనిషి, ఈ సంగతిని ఒక్కసారి కూడా తిరగేసి చూసుకోలేదు. సాక్ష్యం విన్న వారమే కూర్చుని సంఘాలన్నిటికీ లేఖ రాసింది. "తల్లి లేని బిడ్డ" అని రాసింది. ఆ లేఖ చదివి జర్మనీలో ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు ఏడ్చి, కొత్త కుట్టు మిషను ఒకటి పంపించారు. పైగా దాని మీద "తల్లి లేని బిడ్డకు" అని ఇత్తడి రేకు కూడా కొట్టించారు. నిజం చెప్పుకోవాలంటే, ఆ లేఖ రాసిన రోజు జీనాకు తన రాత చూసుకుని కాస్త మురిపెం కూడా కలిగింది. ఇప్పుడా మురిపెమే గుర్తొచ్చింది.

"పిల్ల ఎక్కడ?" అంది రైసా. "రేపు సాయంత్రం బజారు దగ్గర బండి. రెండు సీట్లు చెప్పి ఉంచాను."

*

రేపు బుధవారం. ఎల్లుండి గురువారం పరీక్ష.

ఏడాదికి ఒక్కసారే వస్తుంది ఆ పరీక్ష. వృత్తి విద్యా కళాశాల నుంచి ఒకావిడ వచ్చి, రెండు రోజులు ఎదురుగా కూర్చుని, లైనింగుతో సహా ఒక కోటు కుట్టించుకుని చూస్తుంది. నెగ్గితే చేతికి పత్రం వస్తుంది. ఒలేసియాకైతే ఓర్హెయ్ పట్టణంలో కోట్లు కుట్టే కార్ఖానాలో చోటు కూడా మాటైపోయింది. పత్రం తెచ్చుకో, సోమవారం నుంచే రా అన్నారు.

కానీ పరీక్షకు కూర్చోవాలంటే ఈ ఇంటి జాబితాలో పేరుండాలి. ఈ ఇంట్లో ఉన్నవి పన్నెండు పడకలు. అవి తల్లిదండ్రులు లేని పిల్లలకని సంఘం పెద్దలు రాసి పెట్టిన నియమం. తల్లి బతికి ఉందంటే పడక లేదు, పడక లేకపోతే జాబితాలో పేరు లేదు. ఆ జాబితా మీద సంతకం పెట్టడానికి సంఘ పెద్ద ఇరెమియా అన్న ఈ రోజు నాలుగింటికి వస్తున్నాడు.

జీనా గోడ గడియారం చూసింది. రెండున్నర.

కుట్టుగదిలో ఒలేసియా ఒక్కతే ఉంది. మిగతా పిల్లల్ని ద్రాక్షతోటలో తీగలు కట్టే పనికి పంపారు. ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని బూడిదరంగు కోటుకు కాలరు అతికిస్తోంది. జీనా రావడం చూసి కూడా మిషను ఆపలేదు. కుట్టు చివరిదాకా పోనిచ్చి, దారం కత్తిరించి, అప్పుడు తలెత్తింది.

"కిటికీలోంచి చూశాను," అంది. "చిక్కిపోయింది."

"ఎందుకు చెప్పలేదు ఒలేసియా?"

"ఏం చెప్పాలక్కా? మీరు అడిగారా? దినమయిందని నేను చెప్పాను. పోయిందని మీరు రాశారు. రాసి కూడికలో చదివి వినిపించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను నోరు తెరిచేలోపు పాట మొదలుపెట్టేశారు."

"ఆ తర్వాత ఏడాదిన్నర ఉంది కదా."

ఒలేసియా కాలరు చేతిలోకి తీసుకుని, ముడత లేని చోట మళ్ళీ మళ్ళీ సవరించింది.

"మొదట భయమేసింది, పడక పోతుందని. మళ్ళీ ఆ సర్కారు హాస్టలుకి పంపేస్తారని. తర్వాత..." ఆగింది. "తర్వాత బాగుందక్కా. అమ్మ పోయిందంటే ఎప్పుడొస్తుందని ఎవరూ అడగరు. అమ్మమ్మ పోయాక హాస్టల్లో రెండేళ్ళు అదే గోల. వంటావిడ అడిగేది, టీచరు అడిగేది, వాచ్‌మన్ అడిగేవాడు. మీ అమ్మ ఎప్పుడొస్తుందే అని. ఇక్కడ ఎవరూ అడగలేదు."

జీనా తిట్టాలనే వచ్చింది. తిట్టే ఓపిక వంటింట్లోనే అయిపోయింది.

"నిన్ను తీసుకెళ్తానంటోంది."

"నేను వెళ్ళను."

"నాలుగింటికి అన్నగారు వస్తారు."

"ఆయనకి మీరు చెప్తారా?"

"నేను అబద్ధమాడను ఒలేసియా. ఈ పన్నెండేళ్ళలో ఆయనతో ఒక్క అబద్ధమాడలేదు."

"సరే," అంది ఒలేసియా. మళ్ళీ మిషను వైపు తిరిగింది. "అందాకా చేతులు అతికిస్తాను."

*

రైసా పిలవకుండానే వచ్చింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం తటపటాయించి లోపలికి అడుగు పెట్టింది. కూతురు లేవలేదు. తల్లీ దగ్గరికి పోలేదు. ఇద్దరి మధ్యా కత్తిరింపుల బల్ల ఉంది.

"పొడుగయ్యావు," అంది రైసా.

"ఆరేళ్ళయింది."

"తెలుసు."

"ఫోన్ నంబరు మార్చాను."

"అదీ తెలుసు. ఎన్నిసార్లు చేశాననుకున్నావు? కాగితాలు చేతికొచ్చిన రోజే బయల్దేరాను. హాస్టలుకి పోయాను. నీ కూతురు ఆ బాప్తిస్టుల దగ్గరుందని చెప్పారు."

"అమ్మమ్మ పోయినప్పుడు రాలేదు."

రైసా బల్ల అంచు పట్టుకుంది. "వస్తే మళ్ళీ ఇటలీకి రానిచ్చేవాళ్ళు కాదు. నీకు తెలుసు ఆ సంగతి. ఫోన్లో విన్నాను అంతా. గంటలు మోగడం విన్నాను. మట్టి పడటం విన్నాను."

"ఆ ఫోను పట్టుకున్నది నేనే. గంటన్నర పట్టుకున్నాను. చెయ్యి మంచుగడ్డయిపోయింది. ఇంకొకరికి ఇస్తే నువ్వు సరిగ్గా వినవేమోనని ఇవ్వలేదు."

జీనా ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసింది. తీయవలసిన పని లేదు. చేతులకు ఏదో ఒకటి కావలసి వచ్చింది.

"ఇప్పుడొచ్చాను కదా," అంది రైసా చివరికి. "నేను పనిచేసేది మంచి ఇల్లు. ముసలాయన, ఆయన కూతురు. ఆయన మంచం మీదే. బరువైన మనిషి, నేనొక్కదాన్నే పక్కకి తిప్పలేకపోతున్నాను. నా నడుము పోయింది ఒలేసియా. ఇంకో మనిషి కావాలంటే నా కూతురుందని చెప్పాను. మనిద్దరికీ ఒక గది ఇస్తారు."

"కూతురినని తీసుకెళ్తున్నావా, ఇంకో మనిషి కావాలని తీసుకెళ్తున్నావా?"

"రెండూనూ. రెండూ ఒకటి కాకూడదా?" రైసా గొంతు పెరగలేదు. అలసట తప్ప ఆ గొంతులో ఇంకేం లేదు. "ఆరేళ్ళు పరాయివాళ్ళ అమ్మల్ని కడిగాను, నాన్నల్ని కడిగాను. వాళ్ళు నన్ను వాళ్ళ కూతుళ్ళ పేర్లతో పిలిస్తే పలికాను. ఒకావిడైతే పోయేముందు నా చెయ్యి పట్టుకుని లుచియా, లుచియా అంది. ఆ లుచియా పక్క ఊళ్ళోనే ఉంది, రాలేదు. సరేలే అని నేనే 'ఆఁ' అన్నాను. నాకిప్పుడు నా పిల్ల పక్కనుండాలని ఉంది. అది తప్పయితే తప్పే."

ఒలేసియా తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు గురువారం పరీక్ష ఉంది," అంది మెల్లగా. "ఈ కోటు లాంటిది కుట్టాలి."

రైసా బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. కోటు చేతిలోకి తీసుకుంది. ముందు వైపు చూడలేదు, సరాసరి తిరగేసి లైనింగు చూసింది. వేలితో కుట్టు వెంట జరుపుకుంటూ పోయింది. ఆ వేళ్ళు సబ్బునీళ్ళలో నాని నాని పగిలిపోయి, బట్ట దారాలకు తట్టుకుంటున్నాయి. అది చూసుకుని బట్ట పాడవుతుందని చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"ఇదంతా నువ్వే కుట్టావా?"

"ఊఁ."

"కాజాలు కూడా?"

"అవి చేత్తోనే. మిషను మీద వేస్తే అక్క ఒప్పుకోదు."

"మూడుసార్లు ఊడదీసింది అది," అంది జీనా. "నాలుగోసారి నేను చెప్పకుండానే తనే ఊడదీసుకుంది. ఈ పన్నెండేళ్ళలో ఇంత మంచి చెయ్యి ఉన్న పిల్ల నా దగ్గరికి రాలేదు రైసా. ఆ పరీక్షకి కూర్చోనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం, మీ పిల్ల ఇష్టం."

"నేనెక్కడ ఆపుతున్నాను? రెండు రోజులాగమంటే బండి వదిలేసుకుని ఆగుతాను."

"మీరు ఆగినా లాభం లేదు." జీనా నియమం సంగతి చెప్పింది. పడక, జాబితా, నాలుగు గంటల సంతకం. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే సర్కారు ఆఫీసులో గుమాస్తా గొంతులా వినిపించింది.

రైసా శ్రద్ధగా వింది. "అంటే నేను బతికున్నందుకు దాని పేరు కొట్టేస్తారు."

"అలా అనకండి."

"ఎలా అనాలి మరి? చచ్చిపోయి ఉంటే పరీక్ష రాసేది. నేను వచ్చి చెడగొట్టాను."

"మీరు రావడం తప్పు కాదు. నేను రాసింది తప్పు."

"అయితే ఆయనకి చెప్పకండి. రెండు రోజులు నోరు మూసుకుంటే సరిపోతుంది కదా."

"ఎలా మూసుకుంటాను? ఆయన దేవుని మనిషి. ఎదురుగా కూర్చుని అడుగుతాడు."

"బతికున్న నన్ను చంపి దేశదేశాలకీ ఉత్తరాలు రాసినప్పుడు బాగానే లేచిందిగా నోరు," అంది రైసా.

అరవై ఒక్క ఏళ్ళ జీనా పాఠం రాని పిల్లలా నిలబడిపోయింది. మెడలో వేలాడుతున్న టేపును రెండు చేతులా పట్టుకుంది.

*

ఇరెమియా అన్న నాలుగింటికి ఐదు నిమిషాలు ముందే వచ్చాడు. ఆయనెప్పుడూ అంతే. బూట్లకంటిన బురదను గుమ్మం దగ్గర గీకి, టోపీ తీసి, కుట్టుగదిలోకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. మాత్రోనా పిన్ని టీ తెచ్చి పెట్టింది. పెట్టినావిడ వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలబడింది.

కఠినుడని ఆయనకు పేరు. కానీ చెడ్డవాడు కాడు. జీనాకు ఆ సంగతి బాగా తెలుసు. ఆయన చెడ్డవాడైతే ఈ సాయంత్రం ఇంత బరువుగా ఉండేది కాదు.

"జీనా అక్కా, ఈ పరీక్షలవగానే ఒక పడకైనా ఖాళీ అవుతుందా?" అన్నాడు కూర్చుంటూనే. "నాదినా అని చెప్పాను కదా, ఆ హాస్టలు పిల్ల. మూడు వారాలుగా మా వంటింట్లో చాప మీద పడుకుంటోంది. అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. మా ఆవిడ ఏమీ అనదు గానీ, ఆ పిల్లే సిగ్గుపడి తెల్లారకముందే లేచి అంట్లు తోముతోంది. చూడలేకపోతున్నాను."

"అవుతుంది అన్నగారూ. వారం రోజుల్లో అవుతుంది."

"దేవుడికి స్తోత్రం." ఆయన కళ్ళజోడు పెట్టుకుని జాబితా ముందుకు లాక్కున్నాడు. కలం తీశాడు. పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుకుంటూ పోయాడు. ఐదో పేరు దగ్గర తలెత్తాడు. కిటికీ పక్కన కోటు వేసుకుని నిలబడిన మనిషి అప్పుడు కనబడింది.

"ఈ అక్క ఎవరు?"

జీనా నోరు తెరిచింది. మధ్యాహ్నం నుంచీ కూడబెట్టుకున్న మాటలన్నీ వరసగా ఉన్నాయి. తప్పు తనదే, పిల్ల చిన్నది, తనే తొందరపడి రాసింది, శిక్షేదైనా ఉంటే తనకే వెయ్యండి, పరీక్ష మాత్రం రాయనివ్వండి. ఇంతా చెప్పినా ఆయన చివరకు ఏమంటాడో కూడా ఆమెకు తెలుసు. నియమం నియమమే అక్కా, అక్కడ నాదినా చాప మీద పడుకుంటోంది అంటాడు. ఆ మాట తప్పు కూడా కాదు.

"దాని పిన్నినండీ," అంది రైసా.

ఒలేసియా చేతిలో సూది ఆగిపోయింది.

"వాళ్ళమ్మా నేనూ అక్కచెల్లెళ్ళం. అక్క పోయింది కదా. నేనిటు వెళ్తూ పిల్లని ఒకసారి చూసి పోదామని దిగాను."

ఇరెమియా అన్న లేచి నిలబడ్డాడు. "మీ అక్క గురించి మేం చాలా ప్రార్థన చేశాం అమ్మా. పిల్ల మంచి చేతుల్లో ఉంది. దిగులు పెట్టుకోకండి."

"చూశానండీ. మంచిగానే ఉంది."

"తీసుకెళ్దామని వచ్చారా?"

"లేదండీ," అంది రైసా. "నేనే ఒకళ్ళింట్లో ఉంటాను. దాన్నెక్కడికి తీసుకెళ్ళను? ఇక్కడే ఉండనీయండి."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. కానీ కలం కాగితం మీద పెట్టలేదు. పన్నెండేళ్ళ అలవాటు. ఏ కొత్త మనిషి ఏం చెప్పినా, ఆఖరి మాట జీనాను అడిగి తెలుసుకుంటాడు. ఆమె అవునంటే అవును, కాదంటే కాదు.

"అంతేనా అక్కా?"

తలుపు దగ్గర మాత్రోనా పిన్ని మెల్లగా శిలువ గుర్తు వేసుకుంది. ఈ ఇంట్లో ఎవరూ వేసుకోని గుర్తు అది.

జీనా కోటు వైపు చూసింది. కాజాల వైపు చూసింది. తర్వాత రైసా వైపు చూసింది. రైసా ముఖంలో బతిమాలుకోవడం లేదు. చెప్పవలసింది చెప్పేసి, ఇక తన పనైపోయిందన్నట్టు నిలబడి ఉంది. ఎవరి ఇంట్లోనో ఎవరి పేరుకో పలికీ పలికీ అలవాటైపోయిన మనిషి.

"అంతే అన్నగారూ," అంది జీనా.

ఇంత సులువా అనిపించింది. ఆ సులువుకే భయమేసింది.

ఇరెమియా అన్న సంతకం పెట్టాడు. కలం కాగితం మీద గీరుకున్న చప్పుడు అందరికీ వినబడింది. రైసా తాడు కట్టిన సంచి ఎత్తుకుంది. రెండోది భుజానికి తగిలించుకోబోతే నడుము పట్టేసి ఒక్క క్షణం బల్లను పట్టుకుంది.

"వస్తానమ్మా ఒలేసియా," అంది. "గురువారం జాగ్రత్తగా కుట్టు. కంగారు పడకు."

పిన్నులు మాట్లాడినట్టే మాట్లాడింది. తల మీద చెయ్యి వేయబోయి, వేయకుండానే తలుపు వైపు నడిచింది. మాత్రోనా పిన్ని దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది.

ఒలేసియా కదలకుండా కూర్చుంది. పరీక్ష ఎల్లుండే. సోమవారం కార్ఖానా. సంతకం అయిపోయింది. ఇంకో పది అడుగులు వేస్తే ఆవిడ గేటు దాటుతుంది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఈ ఏడాదిన్నరగా మూసుకున్నట్టే. ఆ పిల్ల తలుపు వైపు తలెత్తడం జీనాకు కనబడింది. వద్దని కళ్ళతోనే చెప్పింది. ఒలేసియా ఆమె వైపు చూడటం లేదు.

"ఆగు అమ్మా," అంది ఒలేసియా.

రైసా ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఎన్నిసార్లు చచ్చిపోతావు?" ఒలేసియా లేచి నిలబడింది. కోటు ఒళ్ళోంచి జారి నేల మీద పడినా చూసుకోలేదు. "అన్నగారూ, ఈవిడ మా అమ్మ. నాకు పిన్నులెవరూ లేరు."

ఇరెమియా అన్న కలానికి మూత పెట్టాడు. కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు కోపం వచ్చినట్టు లేదు. ఉన్నట్టుండి పదేళ్ళు పైబడినట్టు కనబడ్డాడు.

"జీనా అక్కా," అన్నాడు. "నేను మిమ్మల్నే అడిగాను కదా."

"అడిగారు."

"ఈ గది తాళాలు ఇలా ఇవ్వండి."

తాళాలు ఏప్రను జేబులోనే ఉన్నాయి. జీనా తీసి బల్ల మీద పెట్టింది. ఆయన వాటిని ముట్టుకోలేదు. సంతకం పెట్టిన జాబితా మాత్రం ఇంకా ఆయన అరచేతి కిందే ఉంది. ఆ చెయ్యి పేరు కొట్టేయడానికీ, కాగితం తిరిగి ఇవ్వడానికీ అక్కణ్ణుంచి కదలలేదు.